లెక్కల మాస్టారి బల్ల రెండుసార్లు పోయింది

ఫ్రెంచి రచయిత మారిస్ లెబ్లాంక్ సృష్టించిన పెద్దమనిషి దొంగ ఆర్సేన్ లూపిన్ కథల మొదటి సంపుటి నిన్న రాత్రితో అయిపోయింది. నిజానికి ఆరు నెలల కిందటే అయిపోవాల్సింది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పేవాళ్ళు లేక నేను పడ్డ తిప్పలు మీరు పడకూడదని రాస్తున్నాను. కాస్త కోపం కూడా ఉంది, రాస్తే అదీ చల్లారుతుంది.

2021లో ఒమర్ సీ నటించిన 'లూపిన్' సిరీస్ చూసి ఈ పిచ్చి నాకు అంటించింది మా మేనల్లుడు. మొదట '813' అనే లూపిన్ నవల కొన్నాను. పేరు పొట్టిగా ఉంది కదా, పుస్తకమూ తేలిగ్గా ఉంటుందనుకున్నాను. అరవై పేజీలకి దొంగెవరో పోలీసెవరో తెలియక పక్కన పడేశాను.

ఆ తర్వాత ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర రెండు పుస్తకాలు తెప్పించాను. ఒకటి 'ది బ్లోండ్ లేడీ', రెండోది 'ఆర్సేన్ లూపిన్ వర్సెస్ హెర్లాక్ షోమ్స్'. మొదటిది హాయిగా సాగింది. వెర్సాయ్‌లో ఒక లెక్కల మాస్టారు కూతురి పుట్టినరోజుకని పాత సామాన్ల కొట్లో చిన్న రాతబల్ల కొంటాడు. మర్నాడే అది పోతుంది. అందులో ఉండిపోయిన లాటరీ టికెట్టుకి పది లక్షల ఫ్రాంకులు తగులుతాయి.

రెండో పుస్తకం తెరిస్తే మళ్ళీ లెక్కల మాస్టారు, మళ్ళీ బల్ల! నాకు ఒళ్ళు మండింది. ఆదివారం అందరం భోజనాలకి కూర్చున్నప్పుడు మా బావగారి ముందు మొదలెట్టాను. ఆయన ఇంగ్లీషు లెక్చరర్‌గా రిటైరయ్యారు. "ఈ మారిస్ లెబ్లాంక్ దగ్గర సరుకు అయిపోయినట్టుంది బావగారూ, ఒకే కథని రెండు పుస్తకాలకి వాడేశాడు" అని పది నిమిషాలు దంచాను. ఆయన పప్పన్నం తింటూ అంతా విన్నారు. చెయ్యి కడుక్కుని వచ్చి, రెండూ పక్కపక్కన పెట్టి తిరగేసి, "రెండూ కొన్నారా?" అని మాత్రం అడిగారు. ఉన్నది ఒకటే పుస్తకం. అనువాదకులు ఇద్దరు, పేర్లు రెండు. మా ఆవిడ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది. మేనల్లుడు ఇప్పటికీ నన్ను మావయ్యా అనడం మానేసి 'మాస్టారూ' అంటున్నాడు.

నా తప్పు అంత లేదు. 1906లో లెబ్లాంక్ లూపిన్‌కి ఎదురు నిలిపిన డిటెక్టివ్‌కి నేరుగా షెర్లాక్ హోమ్స్ పేరే వాడేశాడు. హోమ్స్ కథలు రాసిన కోనన్ డాయిల్ ఒప్పుకోకపోయేసరికి అక్షరాలు అటూ ఇటూ మార్చి హెర్లాక్ షోమ్స్ చేశాడు. నేను కొన్న ఒక అనువాదంలో అదే పేరు, ఇంకోదాంట్లో హోమ్‌లాక్ షియర్స్! ఇద్దరు డిటెక్టివ్‌లనుకోక ఏమనుకుంటాం? అమ్మినాయన్ని వాపసు అడిగితే "అట్ట వేరు, పేరు వేరు, కుదరదు" అన్నాడు. అందుకే చెబుతున్నా, కొనేముందు మొదటి పేజీ చదవండి. అసలు కొనొద్దు, పాత అనువాదాలు గుటెన్‌బర్గ్ అనే పుస్తకాల సైట్‌లో ఉచితంగా ఉన్నాయి.

మొదలు పెట్టాల్సింది 1907 నాటి మొదటి సంపుటితో. తొమ్మిది కథలు. మొదటి కథలోనే, ఓడ మీద, దొంగ అరెస్టయిపోతాడు! 1905లో పత్రికలో వచ్చిన ఆ కథ నచ్చకపోతే మిగతావి వదిలేయండి. తర్వాత లెక్కల మాస్టారు (ఒకే కాపీ), ఆపైన 'ది హాలో నీడిల్', అప్పుడు '813'. లూపిన్ కుర్రతనం కథ అని 1924లో వచ్చిన కాలియోస్ట్రో నవలతో మొదలెట్టమనే మేధావులుంటారు, వినకండి. గెడ్డం పెరిగిన మనిషి తెలియకుండా మీసం మొలవని కుర్రాణ్ణి చూస్తే ఏం మజా?

ఇలాంటి పెద్దమనిషి దొంగే ఇంగ్లీషులో ఇంకొకడున్నాడు, రాఫెల్స్. అతని కథలకి ఈ గొడవ లేదు. 1899 సంపుటి, ఎనిమిది కథలు, వరసగా చదివేయడమే. రాసిన హార్నంగ్ డాయిల్‌కి స్వయానా చెల్లెలి మొగుడు. దొంగ మాత్రం పగలు పేరున్న క్రికెటర్.

దొంగని పెద్దమనిషిగా చూపించడం లెబ్లాంక్, హార్నంగ్‌లే కనిపెట్టారని బావగారు అంటే ఈసారి ఊరుకోలేదు. మృచ్ఛకటికం నాటకంలో దొంగ శర్విలకుడు జంధ్యంతో కొలిచి, ఏ ఆకారంలో కన్నం వేస్తే అందంగా ఉంటుందా అని ఆలోచించి మరీ పూర్ణకుంభంలా వేశాడని గుర్తుచేశాను. ఆయన ఒప్పుకున్నారు. అదనంగా ఉన్న కాపీ కూడా పట్టుకెళ్ళారు.

'813' మళ్ళీ తీశాను. అరవయ్యో పేజీ దాటాను.