బొమ్మా బొరుసూ రెండూ కనబడాలంటే

దేవరకద్ర దగ్గర మా ఊళ్లో పాత ఇల్లు విప్పుతుంటే, దూలం కింది గూట్లో తుప్పుపట్టిన పాలపొడి డబ్బా ఒకటి దొరికింది. తాత దాచిన చిల్లర. సాయంత్రానికల్లా ఊరంతా ‘లంకెబిందెలు దొరికినయంట’. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2024లో కుండ నిండా 3,730 సీసం నాణేలు బయటపడ్డప్పటి నుంచి మా వైపు డబ్బా మోగితే చాలు, ఇదే మాట. 

లెక్కపెడితే అరవై మూడు నాణేలు. నిజాం కాలపు చార్మినార్ రూపాయలు రెండు, ఒక కల్దారు (బ్రిటిష్ వాళ్ల) రూపాయి, నడుమ చిల్లున్న రాగి పైసలు, నయా పైసలు, ఆరు పలకల మూడు పైసల బిళ్లలు, చారానాలు, ఆఠానాలు, కమలం పువ్వున్న ఇత్తడి ఇరవై పైసలు. వీటిని మహబూబ్‌నగర్‌లో మా హాల్లో నలుగురికీ కనబడేలా పెట్టాలనుకున్నాను. వారం పని అనుకున్నది ఏడాదిన్నర పట్టింది.

మొదటి దెబ్బ నేను ఆఫీసు నుంచి వచ్చేలోపే పడింది. అమ్మ పది రాగి నాణేలను చింతపండు పెట్టి తోమి, కొత్త బిందెలా మెరిపించింది. ‘ఎంత మంచిగైనయో చూడు’ అంది. ఏమంటాం? రాగికి ఏండ్ల తరబడి పట్టిన ముదురు రంగు ఒకసారి పోతే మళ్లీ అలాగే రాదు, నాణేలు సేకరించేవాళ్లు అలా తోమినదాన్ని ముట్టరు. మిగతావి అమ్మ కంటపడకుండా బీరువాలో పెట్టాను.

తర్వాత మెత్తటి ప్లాస్టిక్ జేబులున్న ఆల్బమ్ కొన్నాను. తెరవగానే కొత్త రెయిన్‌కోటు వాసన. ఆ వాసనే చెప్పింది అది నాణేలకు పడని పీవీసీ ప్లాస్టిక్ అని, నాకే అర్థం కాలేదు. ఒక్క వానాకాలం గడిచేసరికి చిల్లు పైసలకు జిగటగా ఆకుపచ్చటి పూత పట్టింది. నెయిల్ పాలిష్ తుడిచేది వద్దని తెలుసుకుని, కెమికల్స్ షాపులో స్వచ్ఛమైన అసిటోన్ తెచ్చి, డాబా మీద గాలిలో, దరిదాపుల్లో మంట లేకుండా చూసుకుని ముంచి తీశాను. జిగట పోయింది. రెండింటికి గుంతలు మాత్రం మిగిలాయి.

మూడో ప్రయత్నంగా ఫొటో ఫ్రేముల షాపుకు పోయాను. ఎర్ర మఖ్మల్ గుడ్డ, వెనక ప్లైవుడ్, మీద అద్దం. చూడ్డానికి పెండ్లి ఆల్బమ్ లెక్క బాగుంది. నాలుగు నెలలకు వెండి రూపాయల అంచులు మొదట పసుపు, ఆపైన నలుపు తిరిగాయి. గుడ్డ రంగు, కట్టె నుంచి వచ్చే ఆవిరి, అంటించిన గమ్ము, అన్నీ లోపలే మూసేసి కూర్చోబెట్టాను మరి. అదొక్కటే కాదు. మా నాయనమ్మ వచ్చి దాని ముందు నిలబడి అడిగింది: “గిట్ల గోడకు కొట్టిచ్చినవేందిరా? బొమ్మ కనవడుతుంది, మరి బొరుసేది? చేతికియ్యకపోతే అస్లీదో నక్లీదో ఎట్ల తెలుస్తది?”

బొరుసు సంగతి నాకు తట్టలేదు. మా వీధిలో రిటైరైన ఉర్దూ సారుకు రూపాయలు చూపించి చదివించుకున్నాను. ముందువైపు చార్మినార్. నడిమి కమానులో ఒక అక్షరం. ఒకదాంట్లో ‘ఐన్’, అంటే ఉస్మాన్ అలీ ఖాన్. ఇంకోదాంట్లో ‘మీమ్’, అంటే మహబూబ్ అలీ ఖాన్, మా పాలమూరుకు మహబూబ్‌నగర్ అని పేరొచ్చింది ఆయన మీదుగానే. దాని మీద హిజ్రీ 1325, మన లెక్కలో 1907-08. వెనకవైపు ‘ఫర్ఖుందా బున్యాద్ హైదరాబాద్’, టంకశాల పేరు. ఒక్క వైపే చూపిస్తే ఇందులో సగం దాచినట్టే కదా.

అప్పుడు నేమ్‌ప్లేట్లు చేసే అతన్ని పట్టుకున్నాను. మూడు యాక్రిలిక్ షీట్లు. నడిమిది 3 మిల్లీమీటర్ల మందం, దానికి లేజర్‌తో నాణేనికొక రంధ్రం. వెర్నియర్ అడిగి తెచ్చుకుని ఒక్కోటి కొలిచాను: చార్మినార్ రూపాయి దాదాపు 30 మిల్లీమీటర్లు, నయా పైసా 16. కొలతకు అర మిల్లీమీటరు కలిపి ఇచ్చాను. బిగుతుగా చేస్తే చలికాలం పట్టేస్తుంది, వదులైతే గలగల. కోసిన అంచులకు కాలిన వాసన ఉంటుంది, సబ్బునీళ్లతో కడిగి వారం రోజులు గాలికి వదిలేశాను. పలుచటి అల్యూమినియం బిళ్లలు కదలకుండా ఓహెచ్‌పీ షీటును (ప్రొజెక్టర్‌కు వాడే పారదర్శకపు ప్లాస్టిక్ షీటు) ఉంగరంలా కత్తిరించి పెట్టాను. ముందొకటి, వెనకొకటి షీటు, నాలుగు మూలలా స్క్రూలు. గమ్ము లేదు, గుడ్డ లేదు. అడుగున రెండు కాళ్లు. గోడకు వేలాడదు, షెల్ఫులో నిలబడుతుంది, తిప్పితే బొరుసు.

మొత్తం 24 రంధ్రాలే. అరవై మూడూ పెడితే చిల్లర కొట్టు అయ్యేది. మిగతావి పీవీసీ లేని కాగితపు చట్రాల్లో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో పాటు డబ్బాలో ఉన్నాయి. షెల్ఫుకు పొద్దుటి ఎండ తగలదు, వంటింటి పోపు పొగ రాదు. దేవుడి గూడు పక్కనే స్థలముందని అమ్మ చూపించింది గానీ, అగరొత్తుల పొగకు వెండి ఆగదు.

నాయనమ్మ మళ్లీ వచ్చినప్పుడు చుట్టూ తిప్పి చూసి తల ఊపింది. తన చిన్నతనంలో ఏడు హాలీ (నిజాం) రూపాయలకు ఆరు కల్దారులు వచ్చేవని చెప్పింది. తర్వాత “గా మహబూబ్ పాష్షాది తియ్యి” అంది. స్క్రూలు విప్పి, అంచులు పట్టుకుని అందించాను. ఆమె రెండు వేళ్లతో పట్టి, నేను ఆపేలోపే గడప దగ్గరి షాబాదు బండ మీద కొట్టింది. ఖంగుమంది.

“అస్లీదే.”

అంచు మీద సన్నటి నొక్కు పడింది. దాన్ని కిందికి తిప్పి, స్క్రూలు బిగించాను.