ఫోను కుంగుబాటును పసిగడితే, ఆ తరువాత?

మనసు కుంగినవారు ఇంటిపట్టునే ఉండిపోతారని, వారి నిద్రవేళలు తారుమారవుతాయని, పలకరిస్తే ముక్తసరిగా బదులిస్తారని దగ్గరివారికి తెలిసిన సంగతే. ఈ మార్పులను జేబులోని ఫోను అంకెల రూపంలో పట్టుకోగలదా అని పరిశోధకులు పదేళ్లకు పైగా పరిశీలిస్తున్నారు. ఆ పరిశోధనలను కొంతకాలంగా చదువుతున్న నాకు, కనిపెట్టడంపై ఉన్న ఉత్సాహం ఆ తరువాత ఏం చేయాలన్న దానిపై లేదనిపిస్తోంది.

2013లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో ఆండ్రూ క్యాంప్‌బెల్ బృందం 48 మంది విద్యార్థుల ఫోన్ల నుండి పది వారాల పాటు సమాచారం సేకరించింది. నిద్ర ఎంతసేపు, సంభాషణలు ఎన్ని, అవి ఎంతసేపు సాగాయి అన్నవాటిని ఫోనే నమోదు చేయగా, వాటికీ ప్రశ్నావళిలో తేలిన కుంగుబాటు స్థాయికీ సంబంధం కనబడింది. 2015లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ బృందం జీపీఎస్ ఆధారంగా, ఒక మనిషి తిరిగే చోట్లు ఎంత వైవిధ్యంగా ఉన్నాయి, రోజువారీ రాకపోకల్లో క్రమం ఎంత ఉంది అని లెక్కగట్టి, కుంగుబాటు లక్షణాలున్నవారిని సుమారు 86 శాతం ఖచ్చితత్వంతో వేరు చేయగలిగింది. అయితే ఆ విశ్లేషణకు సరిపడా సమాచారం దొరికినది 28 మంది నుండి మాత్రమే. తరువాత ఇటువంటి పద్ధతులను భిన్న నేపథ్యాలకు చెందిన పెద్ద సమూహాలపై పరీక్షించినప్పుడు ఆ ఖచ్చితత్వం నిలవలేదు. అందులో ఆశ్చర్యం కూడా లేదు. కాలు విరిగినవారూ, పరీక్షలకు చదువుతున్నవారూ, ఇంటి నుండే ఉద్యోగం చేసేవారూ జీపీఎస్‌కు ఒకేలా కనబడతారు.

ఒకవేళ ఖచ్చితత్వం బాగానే ఉన్నదనుకున్నా చిక్కు తీరదు. వెయ్యి మందిలో 50 మందికి కుంగుబాటు ఉన్నదనీ, ఉన్నవారినీ లేనివారినీ కూడా 80 శాతం మేర సరిగ్గా గుర్తించే యాప్ ఒకటి ఉన్నదనీ అనుకుందాం. అది 40 మంది రోగులను పట్టుకుంటుంది, వారితోపాటు ఏ జబ్బూ లేని 190 మందిని కూడా హెచ్చరిస్తుంది. ఆందోళన విషయంలో పరిస్థితి ఇంకా కష్టమని నా అభిప్రాయం, ఎందుకంటే లోలోపల గుండె దడదడలాడుతున్నా వేళకు పనికి వెళ్లి వచ్చే మనిషి కదలికల్లో తేడా ఏమీ ఉండకపోవచ్చు.

కాబట్టి ఊరందరినీ జల్లెడ పట్టడం కన్నా, ఇప్పటికే వైద్యం పొందుతున్న వ్యక్తిని తన గత నెలలతోనే పోల్చి, జబ్బు తిరగబెడుతున్న సూచనలను అతనికీ వైద్యునికీ ముందుగా తెలియజేయడం ఈ సాంకేతికతకు తగిన పని.

చికిత్స సంగతికి వస్తే, ఆలోచనల తీరునూ ప్రవర్తననూ మార్చుకోవడం నేర్పే సీబీటీ పద్ధతిని చాలా యాప్‌లు చిన్న పాఠాలుగా అందిస్తున్నాయి. 2017లో వెలువడిన ఒక సమీక్ష 18 ప్రయోగాలను కలిపి చూసి, ఇటువంటి యాప్‌ల వల్ల కుంగుబాటు లక్షణాలు ఓ మోస్తరుగా తగ్గుతున్నాయని తేల్చింది. ప్రయోగంలో అడిగేవారుంటారు గనుక జనం వాడతారు; బయట మాత్రం, 2019 నాటి మరో అధ్యయనం ప్రకారం, నెల తిరిగేసరికి మానసిక ఆరోగ్య యాప్‌లను తెరుస్తున్నవారు నూటికి నలుగురైనా లేరు. ఏ పనిపైనా ఆసక్తి పుట్టకపోవడమే లక్షణమైన జబ్బుకు రోజూ ఆసక్తిగా తెరవవలసిన మందు ఇస్తే ఇలాగే జరుగుతుంది. వారానికొకసారి ఒక మనిషి పలకరించి పాఠం ఎంతవరకు వచ్చిందని అడిగే చోట ఫలితాలు మెరుగ్గా ఉండటానికి కారణం ఇదేనేమో. 2024లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి పొందిన, కుంగుబాటు చికిత్సకు ఉద్దేశించిన రెజాయిన్ యాప్ కూడా వైద్యులు రాసి ఇస్తే, మందులతోపాటు వాడవలసినదే.

ఈ సమాచారం ఎవరి చేతికి పోతుందన్నది మరో భయం. వినియోగదారుల ఆరోగ్య వివరాలను ప్రకటనల కోసం ఫేస్‌బుక్ వంటి సంస్థలకు అందించిందన్న ఆరోపణపై, ఆన్‌లైన్‌లో మానసిక చికిత్స అందించే బెటర్‌హెల్ప్ సంస్థ 2023లో 78 లక్షల డాలర్ల చెల్లింపుకు ఒప్పుకున్నది.

ఎవరైనా యాప్ గురించి సలహా అడిగితే, నేను మొదట చూడమనేది, కుంగుబాటు తీవ్రతను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలోని తొమ్మిదవ ప్రశ్నను. గత రెండు వారాల్లో చనిపోతే బాగుండుననో, తనను తాను గాయపరచుకోవాలనో ఆలోచనలు వచ్చాయా అని అది అడుగుతుంది. దానికి అవునని జవాబిచ్చిన తరువాత మొత్తం 27కు ఇన్ని మార్కులని చూపి ఊరుకునే యాప్‌ను తీసివేయమంటాను. వెంటనే ఒక మనిషితో ఫోనులో మాట్లాడించగలిగితే, మిగతా సదుపాయాలు సాదాసీదాగా ఉన్నా దానినే ఉంచుకోమంటాను.