డ్రిల్లు మాస్టారి జారుముడి

మన స్కూలు పాత విద్యార్థుల సంచిక పని చూస్తున్న మైకు (మైకు, గుండు, పొడుగు, కోతి అన్నీ మనం స్కూల్లో పెట్టుకున్న పేర్లే) ఫోన్ చేసి, "సంచికకి నువ్వు రాయకపోతే ఎలా, రెండు పేజీలు చాలు, ఆదివారంలోగా పంపించెయ్" అన్నాడు. బతిమాలడం వాడికి స్కూల్లోనూ రాలేదు, కమిటీ సెక్రటరీ అయ్యాకా రాలేదు. దేశభక్తి మీద రాయమన్నాడు. అదే ఎందుకంటే మిగతావన్నీ పంచేసుకున్నారట. హాస్టలు కథలు గుండు రాస్తున్నాడు. లెక్కల మేడం గురించి ముగ్గురు రాస్తున్నారు (ఆ ముగ్గురికీ ఆవిడ వేసిన మార్కులు నాకు తెలుసు). అయినా స్కూల్లో నన్ను "ప్రతిజ్ఞా" అని పిలిచిన వాళ్ళు నాకు ఇంకేం మిగులుస్తారు?

ఆరు, ఏడు తరగతులు నాకు గుర్తు లేవు. ఎనిమిదిలో డ్రిల్లు మాస్టారు వచ్చారు. నా లెక్కన స్కూలు మొదలైంది అప్పుడే.

అంతకుముందు మన ప్రార్థన ఎలా ఉండేదో మీకు తెలుసు. "భారతదేశం... నా మాతృభూమీ..." అని సాగదీసి పాడేవాళ్ళం. మాస్టారు వచ్చిన రెండో రోజే మధ్యలో ఆపేశారు. "ఎవర్ని నిద్రపుచ్చుతున్నార్రా?" అన్నారు. ఆ తర్వాత నన్ను జెండా దిమ్మ పక్కన నిలబెట్టి, ఒక్కో వాక్యం మామూలుగా, మనిషితో మాట్లాడినట్టు చెప్పమన్నారు. చెయ్యి చాచి ఉంచాలి, మోచెయ్యి వంగకూడదు. పొడుగు "సర్వదా" అనాల్సిన చోట "సరదాగా నేను కృషి చేస్తాను" అన్న రోజు అందరం వాడికి దెబ్బలు ఖాయం అనుకున్నాం. మాస్టారు మాత్రం "వీడొక్కడే నిజం చెప్పాడు" అని ముందుకెళ్ళిపోయారు. "జంతువుల పట్ల దయతో ఉంటాను" దగ్గర స్కూలంతా కోతి వైపు తిరగడం మాత్రం ఆయన వల్ల కూడా ఆగలేదు.

జనగణమనకి వాచీ పెట్టేవారు. "యాభై రెండు సెకన్లలో అయిపోవాలి. మీరు అరవై ఐదు తీసుకున్నారు. ఆ పదమూడూ ఎక్కడ్నించి తెచ్చార్రా?" అనేవారు. 1919లో రవీంద్రనాథ్ టాగూరు మదనపల్లె కాలేజీకి వచ్చి ఉన్నప్పుడే ఆ గీతాన్ని ఇంగ్లీషులోకి మార్చారనీ, అక్కడి మార్గరెట్ కజిన్స్ దాని వరసని స్వరాల్లో రాసి పెట్టారనీ మనకి చెప్పింది ఆయనే, సోషల్ మాస్టారు కాదు. మన రాష్ట్రంలో జరిగింది కదా అని మనం చప్పట్లు కొడితే, "చప్పట్లు తర్వాత, ముందు 'ద్రావిడ ఉత్కళ' సరిగ్గా పలకండి" అన్నారు.

ఇక జనవరి 26 సంగతి. ఏ ఏడో మీరే లెక్కేసుకోండి. ముఖ్య అతిథి తాడు లాగారు. జెండా విప్పుకోలేదు. మళ్ళీ లాగారు. మూట అలాగే కప్పీ దగ్గర బిగుసుకుని ఉండిపోయింది. బ్యాండు వాయించేవాళ్ళు కర్రలు ఎత్తిపట్టుకుని నిలబడిపోయారు. మూడోసారి లాగేసరికి ఆయన చేతికి ఊడొచ్చింది తాడే. అప్పుడు కోతి ఎవరూ చెప్పకుండానే స్తంభం ఎక్కేశాడు. పైనుంచి పూలరేకులు వాడి నెత్తి మీద పడుతుంటే స్కూలంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. ముడి ముందురోజు సాయంత్రమే కట్టి ఉంచారు. రాత్రంతా మంచులో తడిసి నూలు తాడు బిగుసుకుపోయింది. కట్టింది ఆయన కాదు, కానీ ఎవరు కట్టారని ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ మర్నాటి నుంచి డ్రిల్లు పీరియడ్ల గతి ఏమైందో మీలో కబడ్డీ టీము వాళ్ళు ఇప్పటికీ మర్చిపోయి ఉండరు. బంతులు గదిలో పెట్టి తాళం వేశారు. తలా ఒక తువ్వాలు, మూరెడు తాడు. తువ్వాలు నేల తాకకుండా ఇద్దరు పట్టుకోవాలి. నిలువు మడత, అడ్డ మడత, మధ్యలో రేకులకి బదులు వేపాకు, చుట్టూ రెండు చుట్లు, చివర జారుముడి. లాగితే ఒక్క గుంజుకి విడిపోవాలి, లాగకపోతే గాలివాన వచ్చినా ఊడకూడదు. కాషాయం ఎటుందో ముడి కట్టేవాడికి కళ్ళు మూసుకున్నా తెలియాలి. "జెండా తిరగబడితే తప్పు గాలిది కాదు, నీది" అనేవారు. పైకి పంపేటప్పుడు చకచకా, దించేటప్పుడు మెల్లగా, పొద్దు వాలకముందే. ఇదంతా ఆయన సొంత కవిత్వం అనుకునేదాన్ని. చాలా ఏళ్ళ తర్వాత ఫ్లాగ్ కోడ్ (జెండా వాడకానికి ప్రభుత్వం పెట్టిన నియమాలు) చదివితే ఎగరెయ్యడం, దించడం గురించి దాదాపు అదే ఉంది. పూలరేకులు కట్టడానికి అనుమతి కూడా అందులో ఉంది.

మాస్టారు మిలిటరీలో చేశారని గుండు వాదన, ఎన్.సి.సి. మాత్రమేనని మైకు వాదన. ఈ సంచికలోనైనా తేల్చుకోండి. నాకు తెలిసింది ఒకటే. పంద్రాగస్టుకి వచ్చిన అతిథులు గంటలు గంటలు ఉపన్యాసాలిచ్చేవారు, ఆయన ఏ రోజూ మైకు పట్టుకోలేదు. సభ అయిపోయి మనం చాక్లెట్ల కోసం తోసుకుంటుంటే ఆయన గ్రౌండంతా తిరిగి, కింద పడిన కాగితం జెండాలు ఒక్కొక్కటీ ఏరి, దుమ్ము దులిపి జేబులో పెట్టుకునేవారు. మనలో కొందరం సిగ్గుపడి ఏరాం. కొందరు ఆయన చూస్తున్నారని ఏరారు.

ఇప్పుడు చెప్పేది పొడుగుకీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. పొడుగూ, నువ్వెవరికైనా చెప్పావా?

పదో తరగతి, పంద్రాగస్టు వెళ్ళిన మర్నాడు సాయంత్రం. మన పెద్ద జెండా గాలివైపు అంచు పోగులు పోగులుగా లేచిపోయింది. మాస్టారు మా ఇద్దర్నీ ఉండమన్నారు. ల్యాబు వెనక, ఎవరూ రాని చోట, నాలుగు ఇటుకలు పేర్చి శుభ్రం చేయించారు. జెండా మేం చెరో వైపు పట్టుకున్నాం. కాషాయం, ఆకుపచ్చ రెండూ తెలుపు కిందికి మడిచి, తర్వాత రెండు పక్కలూ లోపలికి మడిచి, చక్రం మాత్రం పైకి కనిపించేలా పెట్టారు. అప్పుడు జేబులోంచి అగ్గిపెట్టె తీశారు.

నాకు ఏడుపొచ్చింది. జెండాని కాలుస్తారా? పొడుగు నెమ్మదిగా, "కిరసనాయిలు తేనా సార్?" అన్నాడు. ఆయన వాడి వైపు చూసిన చూపుకి వాడు రెండడుగులు వెనక్కి వెళ్ళాడు. "ఖద్దరు రా. దానికి నీ సాయం అక్కర్లేదు" అన్నారు. నిజంగానే అక్కర్లేకపోయింది. నీలం రంగు నల్లబడి ముడుచుకుపోయేదాకా ముగ్గురం అటెన్షన్‌లో నిలబడ్డాం. బూడిద వేపచెట్టు మొదట్లో పాతిపెట్టారు. చిరిగిపోయిన జెండాని మూల పడెయ్యకూడదు, మసిగుడ్డ చెయ్యకూడదు, ఎవరూ చూడని చోట పూర్తిగా, మర్యాదగా కాల్చెయ్యాలన్నది రూలేనని అప్పుడు చెప్పారు. "ఎవరికీ చెప్పకండి. ఇందులో సిగ్గేం లేదు. ఇది చూపించుకునే పని కాదు, అంతే" అన్నారు.

చెప్పలేదు సార్, ఇన్నాళ్ళూ. ఇవాళ మైకు బలవంతం.

తర్వాత ఇంటర్, డిగ్రీ, పెళ్ళి. వాటి గురించి రాయడానికేం లేదు. ట్రెజరీలో జూనియర్ అకౌంటెంట్‌గా చేరాను, సబ్ ట్రెజరీ ఆఫీసర్‌ని అయ్యాను. మా అమ్మాయి మెడిసిన్ అయిపోయి పీజీ చేస్తోంది. మీరు అడగలేదు, అయినా చెబుతున్నాను. నా టేబుల్ మీద పెన్షన్ ఫైలు రేపటికి ఆగదని మా ఊళ్ళో పేరుంది. గుండు వాళ్ళ నాన్నగారిని అడగండి.

చేరిన కొత్తల్లో ఒక సూపరింటెండెంట్ గారు టీ తాగుతూ, "ప్రతిజ్ఞ రాసింది ఎవరో తెలుసామ్మా? మన డిపార్ట్‌మెంటాయనే" అన్నారు. నాకు నోట మాట రాలేదు. పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టి, విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా పనిచేస్తూ 1962లో, చైనా యుద్ధం వచ్చిన ఏడాది, దాన్ని తెలుగులో రాశారు. విశాఖ నాయకుడు తెన్నేటి విశ్వనాథం గారి ద్వారా అది అప్పటి విద్యామంత్రి పి.వి.జి. రాజు గారికి చేరింది. 1963లో విశాఖలో ఒక స్కూల్లో మొదట చదివించారు. 1965 జనవరి 26 నుంచి దేశమంతా, అన్ని భాషల్లో. మనం తెలుగులో చదివింది అనువాదం కాదు, అసలుది. చలాన్లు, బిల్లులు, వోచర్ల మధ్య కూర్చున్న మనిషి రాసింది! మన పుస్తకం మొదటి పేజీలో ప్రతిజ్ఞ ఉండేది, కింద ఆయన పేరు ఉండేది కాదు. పేరు లేకుండానే దేశంలో పిల్లలంతా ఆయన మాటలు అప్పజెప్పారు. ఆ విషయం ఇప్పటికీ నాకు కోపం తెప్పిస్తుంది.

ఆ రాత్రే మాస్టారికి కార్డు రాశాను, ఇలా మా శాఖాయనే నా ప్రతిజ్ఞ రాశారు అని. జవాబు రెండు ముక్కలు. "చాలా సంతోషం. మీ ఆఫీసులో ముడి ఎవరు కడుతున్నారు?"

నేనే కడుతున్నాను. ఆఫీసులో అటెండరు ఉన్నాడు, కొత్త కుర్రాళ్ళున్నారు, నేర్పించాను కూడా. అయినా ఆ పొద్దున్న నిచ్చెన పక్కన నేను ఉండాల్సిందే. తాడు ముందురోజు కట్టనివ్వను.

దేశభక్తి అంటే ఇదేనా అని మా అమ్మాయి నవ్వుతుంది. ఏమో. చంద్రయాన్ 3 దిగిన సాయంత్రం, 2023 ఆగస్టు 23న, ఆఫీసు టైము అయిపోయినా ఎవరం కదల్లేదు. చిన్న ఫోను చుట్టూ పది తలకాయలు. దిగిందనగానే రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన, లైఫ్ సర్టిఫికెట్ కాగితం చేతిలో పట్టుకునే లేచి నిలబడ్డారు. ఎవరూ పాడలేదు, కానీ అందరం నిలబడ్డాం. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. వాట్సాప్‌లో పొద్దున్నే "నిజమైన భారతీయుడైతే పదిమందికి పంపండి" అని వచ్చేవాటికి మాత్రం నాకు ఏమీ కాదు. మన గ్రూపులో అవి పంపేది ఎవరో పేరు రాయను. కోతికి తెలుసు.

ఇప్పుడు అందరి ఇళ్ళ మీదా ఎగరేస్తున్నాం, సంతోషమే. మన చిన్నప్పుడు మామూలు మనిషి తన ఇంటి మీద తోచిన రోజున ఎగరేసుకోవడానికి లేదు. 2002 జనవరి 26న కొత్త ఫ్లాగ్ కోడ్ వచ్చాకే అది కుదిరింది. 2021 చివర్లో మిషను మీద చేసిన పాలియెస్టరుకీ సరే అన్నారు, 2022లో రాత్రి కూడా ఉంచొచ్చన్నారు. అంతా బాగుంది గానీ సెప్టెంబరు దాకా బాల్కనీలో వెలిసిపోయి వేలాడే వాటిని దించేదెవరు? మా అపార్ట్‌మెంట్‌లో నేనే బెల్లు కొట్టి అడుగుతుంటాను. నన్ను చూస్తే తలుపులు వేసుకుంటున్నారు.

అందుకే కమిటీ వాళ్ళకి ఒక మాట. మన స్కూలుకి వందడుగుల స్తంభం పెట్టిస్తామని గ్రూపులో తీర్మానం చేశారు, చందా లెక్కలు కూడా వచ్చాయి. హైదరాబాదు సంజీవయ్య పార్కులో 2016లో 291 అడుగులది పెట్టారు, చూడ్డానికి గొప్పగానే ఉంటుంది. కానీ అంత ఎత్తున గాలికి గుడ్డ ఆగదు, చిరిగినప్పుడల్లా మార్చడానికి మనుషులు, డబ్బు కావాలి. మన స్కూల్లో ఇప్పుడు అటెండరు పోస్టే ఖాళీ. పాత స్తంభానికి రంగు వేయించండి, కొత్త కప్పీ, మంచి నూలు తాడు, రెండు ఖద్దరు జెండాలు కొనండి. మిగిలిన డబ్బుతో ఆడపిల్లల బాత్రూములకి తలుపులు పెట్టించండి. ఈ లెక్కకైతే నా చందా రెట్టింపు, రేపే పంపుతాను. వందడుగులకైతే మైకు నాకు ఫోన్ చెయ్యక్కర్లేదు.

పంద్రాగస్టుకి అందరం కలుస్తాం కదా. ముడి నేను కడతాను. కోతికి మోకాళ్ళ నొప్పులట, ఈసారి ఎక్కేవాళ్ళు లేరు.