మెలిపడిన అండాశయానికి రక్తపరీక్ష ఉందా?

అండాశయం మెలిపడిందని తేల్చే రక్తపరీక్ష ఇప్పటికీ ఒక్కటీ లేదు. ఉన్నవి అనుమానాన్ని పెంచుతాయి, అంతే.

మెలిక బిగిసినప్పుడు ముందు నొక్కుకుపోయేవి సిరలు, లింఫు నాళాలు. వాటి గోడలు పలచన. ధమని మాత్రం ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది. అందుకే రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కాన్‌లో ప్రవాహం కనిపించినా మెలిక లేదనలేం. అండాశయం మొదట ఉబ్బుతుంది, కణాలు చచ్చేది తర్వాత. రక్తంలో వాపును సూచించే ప్రొటీన్ సీఆర్‌పీ పెరగడానికి ఎలాగూ ఆరేడు గంటలు పడుతుంది. అది బాగా పెరిగిందంటే చాలాసార్లు మనమే ఆలస్యమయ్యాం!

వాపు సంకేతాన్ని మోసే మరో ప్రొటీన్ ఇంటర్‌ల్యూకిన్-6 కాస్త ముందే కదులుతుంది. కానీ అపెండిసైటిస్‌లోనూ, కటి (గర్భాశయం, ట్యూబులుండే చోటు) ఇన్ఫెక్షన్‌లోనూ పెరుగుతుంది. చాలాచోట్ల రిపోర్టు అత్యవసర సమయానికి చేతికందదు. రక్తపు గడ్డ కరిగేటప్పుడు వచ్చే డి-డైమర్ గర్భంలో మామూలుగానే ఎక్కువ. న్యూట్రోఫిల్, లింఫోసైట్ అనే రెండు రకాల తెల్ల రక్తకణాల నిష్పత్తి సాధారణ సీబీసీ (రక్తకణాల లెక్క)లోంచే లెక్కకట్టొచ్చు, అదొక్కటే దాని సుగుణం.

తప్పక చేయాల్సింది గర్భం ఉందో లేదో చెప్పే బీటా హెచ్‌సీజీ. పాజిటివ్ అయితే ముందు ట్యూబులో గర్భం గురించి ఆలోచించాలి. అయినా మెలికను కొట్టిపారేయకూడదు. తొలి నెలల గర్భంలోనూ పడుతుంది.

హఠాత్తుగా ఒకపక్క నొప్పి, వాంతులు, స్కాన్‌లో 5 సెం.మీ. దాటిన తిత్తి ఉంటే, రక్తపరీక్షలన్నీ నార్మల్ అని ఇంటికి పంపకండి. తేల్చేది లాపరోస్కోపీయే (చిన్న కోతల్లోంచి కెమెరాతో లోపల చూసే శస్త్రచికిత్స). నల్లగా కనిపించిన అండాశయం కూడా మెలిక విప్పితే చాలాసార్లు కోలుకుంటుంది.