"వంట దగ్గరా?"

ఎనిమిదేళ్లుగా మెడికల్ కోడింగ్ నా ఉద్యోగం. డాక్టరు రాసిన నోట్సు చదివి, గాయానికి ఒక కోడ్, అది ఎలా అయిందో దానికి ఇంకో కోడ్ వెయ్యాలి. పోయినేడాది నా ఫైలే ఇంకెవరో కోడర్ ముందుకెళ్లింది.

జరిగిందాని గురించి రెండు ముక్కలే చెప్తాను. ఇక్కడ అమెరికాలో మేం కూర్చున్న హాల్లోకి ఎవరో కిటికీ పగలగొట్టి పెట్రోలు సీసా విసిరారు. నాకు కుడి చెయ్యి మొత్తం, వీపు మీద కొంత కాలింది. ఒక చెయ్యంటే ఒంట్లో 9 శాతం. వీపుతో కలిపి 15 అన్నారు.

ఎమర్జెన్సీలో కంప్యూటర్ ముందున్న అబ్బాయి నా పేరూ మొహం చూసి, "వంట దగ్గరా?" అన్నాడు. నాకు దగ్గు తెరిపివ్వడం లేదు. అదే అవునన్నట్టు అనుకున్నాడో ఏమో, టకటకా కొట్టేసుకున్నాడు. ఎవరైనా కావాలని చేశారా లేదా అన్నది నోట్సులో లేకపోతే ప్రమాదం కిందే కోడ్ వెయ్యాలని ఇక్కడి రూలు. నేనూ అలా ఎన్ని వేశానో!

ఆ రాత్రి సంగతి చెప్పాలి. నర్సు గంటకోసారి వచ్చేది. మూత్రం కొలిచేది. నా బరువు 60 కిలోలు, కాబట్టి గంటకి 30 మిల్లీలీటర్లు రావాలట. ముక్కులోకి టార్చి వేసి మసి ఉందేమో చూసేది. తర్వాత నా పేరు చెప్పమనేది. మతి సరిగ్గా ఉందో లేదో చూస్తోందనుకున్నాను. రాత్రి రెండు గంటలకి అసలు సంగతి చెప్పింది, గొంతు వినడానికట. వేడి పొగ పీల్చినవాళ్లకి గొంతు వాపు కొన్ని గంటల తర్వాత కూడా రావచ్చు. బొంగురుపోతే అనుమానించాలి, దారి మూసుకోకముందే గొట్టం వెయ్యాలి.

ఇక నిద్రెక్కడిది? ఆవిడ లేనప్పుడు కూడా నా పేరు నేనే పలుక్కుంటూ, ఇందాకటి గొంతేనా అని వింటూ పడుకున్నాను. మూడున్నరకి జీర వచ్చింది. ఆవిడ ఏమీ అనలేదు. మంచం తలవైపు ఇంకాస్త ఎత్తింది, డాక్టర్ని పిలిచింది, గొట్టాల బండి తలుపు దగ్గరికి లాక్కొచ్చింది, కుర్చీ వేసుకుని తెల్లారేదాకా పక్కనే కూర్చుంది. బండితో పని పడలేదు. అన్నిసార్లు నా పేరు అడిగిన మనిషి పేరు నేను అడగనే లేదు.

తొడ నుంచి చర్మం తీసి చేతికి అతికించారు. చేతికంటే తొడే ఎక్కువ మండింది, అది ముందు ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత బిగుతు తొడుగు, రోజుకి 23 గంటలు. మా పెద్దత్త ఫోన్లో, "మొహానికేం కాలేదుగా, అదే పదివేలు" అంది. వారం రోజులు ఆవిడ ఫోను నేనెత్తలేదు. అమ్మ మాత్రం ఏ మాటా అనకుండా ఏడుకొండలవాడికి మొక్కుకుంది. నాకంత నమ్మకం లేదు కానీ, ఆ మొక్కు నేనే తీరుస్తాను.

ఇంటికొచ్చాక రికార్డు తెప్పించుకుంటే అనుకున్నంతా అయింది. కారణం దగ్గర ప్రమాదమని ఉంది. ఫోన్ చేస్తే, "అది మారినా మీ బిల్లు మారదండీ" అన్నారు. మారదని నాకు తెలీదా? రికార్డు సవరించమని రాతపూర్వకంగా అడిగాను. అడిగిన 60 రోజుల్లో జవాబివ్వాలని చట్టం. డాక్టరు నోట్సుకి అనుబంధం రాశాక ఎక్స్97 పడింది, అంటే నిప్పుతో, పొగతో చేసిన దాడి.

"టెర్రరిజానికి వేరే కోడ్ ఉందన్నావుగా?" అన్నారు మా ఆయన. ఉంది, నిప్పుతో చేసినదానికి వై38.3. కానీ ఎఫ్‌బీఐ తేల్చి చెప్తేనే అది వెయ్యాలి. అనుమానం ఉన్నంతవరకూ దాడి కిందే. వాళ్లింకా ఏదీ తేల్చలేదు. తేల్చేదాకా నేనేం కాచుకుని కూర్చోను. వంట దగ్గర కాదని రాశారు, అది చాలు. మీవాళ్లెవరికైనా ఇలాంటిది జరిగితే, పక్కనున్నవాళ్లు నోరు తెరిచి మొదట్లోనే చెప్పండి, ఏం రాశారో చదివి వినిపించమని అడగండి.

మా కోడ్‌ల చివర ఒక అక్షరం ఉంటుంది. వైద్యం నడుస్తుంటే ఎ, మానుతుంటే డి, మిగిలిపోయినదానికి ఎస్. మొన్నటి చెకప్ కాగితంలో మచ్చ కోడ్ ముందుంది, కాలిన కోడ్ వెనకుంది, చివర ఎస్. ఎక్స్97 చివర కూడా ఎస్సే. మడిచి పర్సులో పెట్టబోతే కుడి చూపుడువేలు సగానికే వంగింది. ఎడమచేత్తో మడిచాను.