వయసుకు సాక్ష్యం లేని పిల్లలు

పాలమూరు నుంచి పుణెకు, ముంబైకి బస్సెక్కిన కుటుంబాల సంగతి మన జిల్లాల్లో ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. కూలీలను కుదిర్చి పంపే గుంపు మేస్త్రి దగ్గర బయానా తీసుకున్న నాటి నుంచి ఆ ఇళ్లలోని పిల్లలు ముసలవ్వ దగ్గరో, తెలియని ఊళ్లో పని జరిగేచోట ఇసుక కుప్పల మీదో పెరిగారు. ఇప్పుడు మన ప్రాంతానికీ వలస వస్తోంది. ఒడిశాలోని బలంగీర్, నువాపడ వైపు నుంచి ఇటుక బట్టీలకు, బిహార్ నుంచి మిర్యాలగూడ రైసు మిల్లులకు జనం వస్తున్నారు. నల్లగొండలో న్యాయ సహాయం కేసులు చూసే న్యాయవాదిగా, ఈ పిల్లలకు చట్టం ఇచ్చే రక్షణ ఎక్కడ ఆగిపోతోందో నాకు కనిపించినంత మేరకు రాస్తున్నాను.

లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని ప్రతి వ్యక్తీ బాలలే. వారిది ఏ రాష్ట్రమని గానీ, ఏ దేశమని గానీ ఆ నిర్వచనం అడగదు. 2015 నాటి బాలల న్యాయ చట్టమూ అంతే. రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రాణానికి, స్వేచ్ఛకు ఇచ్చే రక్షణ పౌరులకే పరిమితం కాదని, మనిషైన ప్రతివారికీ వర్తిస్తుందని 1996లో చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. శరణార్థుల గురించిన 1951 నాటి ఒప్పందంలో గానీ, ఏ దేశ పౌరసత్వమూ లేనివారి గురించిన 1954, 1961 నాటి ఒప్పందాలలో గానీ భారతదేశం చేరలేదు. కానీ శరణార్థి పిల్లల రక్షణను 22వ అధికరణంలో ప్రత్యేకంగా పేర్కొన్న ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడికలో 1992లోనే చేరింది. కాబట్టి మన దేశంలో దేశం లేని బిడ్డకు ఆసరా శరణార్థి చట్టం కాదు, బాలల చట్టమే.

ఆ చట్టం ముందుగా అడిగేది వయసు. ఈ పిల్లలు చూపలేనిదీ అదే. బాలల న్యాయ చట్టంలోని 94వ సెక్షన్ మొదట బడి లేదా పదో తరగతి ధ్రువపత్రం చూడమంటుంది, అది లేకపోతే జనన ధ్రువపత్రం చూడమంటుంది, రెండూ లేనప్పుడే ఎముకల పరీక్షకు పంపమంటుంది. నేరం చేశారన్న పిల్లల వయసు తేల్చే పద్ధతినే బాధిత పిల్లల విషయంలోనూ పాటించాలని 2013లో జర్నైల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బడికి పోని, పుట్టుక నమోదు కాని పదహారేళ్ల అమ్మాయి నేరుగా మూడో మెట్టు దగ్గరికే వస్తుంది. ఎక్స్‌రే చూసి డాక్టరు రాసేది అంచనా మాత్రమే, అందులో రెండేళ్ల తేడా ఉండవచ్చునన్నది కోర్టులు ఒప్పుకున్న సంగతే. నిందితుని వకీలు ఆ రెండేళ్లనే పట్టుకుంటాడు. అమ్మాయికి 18 నిండాయేమోనన్న అనుమానం ఒక్కటి నిలబడితే చాలు, పోక్సో కేసు మొత్తం కూలిపోతుంది.

ఒకసారి అధికారులతో కలిసి భువనగిరి వైపు ఒక బట్టీకి వెళ్లాను. ఎండబెట్టిన పచ్చి ఇటుకల వరుసల మధ్య ఒక అమ్మాయి వంగి, ఒక్కో ఇటుకనూ పక్కకు తిప్పుతూ పోతోంది. ఒళ్లు తేలిక కాబట్టి పిల్లలు వరుసల మీద నడిచినా ఇటుక నలగదు, అందుకే ఈ పని పిల్లలకే పడుతుంది. ఆమె వయసెంతని అడిగితే, కరువు వచ్చిన ఏడు నువాఖాయి పండుగ అయిన వారానికి పుట్టిందని తల్లి ఒడియాలో చెప్పింది. మా వెంట వచ్చిన అధికారి కాగితం మీద 'సుమారు 12' అని రాసుకున్నారు. "తల్లిదండ్రులకు సాయం చేస్తున్నరు సార్, మేము వాళ్లకు కూలి ఇస్తలేము" అన్నాడు అక్కడి సూపర్‌వైజర్. 2016లో బాల కార్మిక చట్టాన్ని సవరించినప్పుడు కుటుంబ వృత్తిలో, అదీ ప్రమాదం లేనిదైతే, బడి సమయం అయ్యాక లేదా సెలవుల్లో సాయం చేయడానికి ఇచ్చిన మినహాయింపునే అతను చెబుతున్నాడు. కానీ బట్టీ ఆ తల్లిదండ్రులది కాదు. బయానా ఇచ్చేదే భార్యాభర్తలు, ఒక బిడ్డ కలిసిన జట్టుకు. కూలి వెయ్యి ఇటుకల లెక్కన. బిడ్డ కష్టం ఆ లెక్కలో కలిసిపోయి, పేరు మాత్రం ఎక్కడా కనిపించదు. ఇలాంటి చోట 'సాయం' అన్న మాటను ఏ అధికారీ ఒప్పుకోకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక్కడ అందరూ తేలిగ్గా తీసుకునే చట్టం 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం. పుట్టిన చోటే పుట్టుకను నమోదు చేయాలి. గడువు 21 రోజులు. అంటే మన ఊరి పొలిమేరలోని బట్టీలో పుట్టిన ఒడియా బిడ్డను మన పంచాయతీ కార్యదర్శే రాసుకోవాలి, "మీ ఊరికి పోయి రాయించుకోండి" అని పంపడం చట్టం కాదు. ఏడాది దాటితే మునుపు ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేటు ఉత్తర్వు కావలసి వచ్చేది; 2023 సవరణతో ఆ అధికారం రెవెన్యూ యంత్రాంగానికి వచ్చింది. కోర్టు మెట్లెక్కలేని కూలీ కుటుంబానికి ఇది ఉపయోగపడే మార్పే, తెలియజెప్పేవారు ఉంటే.

దేశం లేని పిల్లల విషయంలో పుట్టుక నమోదు మరింత అవసరం. 1982 నాటి బర్మా పౌరసత్వ చట్టం రోహింగ్యాలను ఏ దేశానికీ చెందనివారిగా మిగిల్చింది. వారిలో కొన్ని కుటుంబాలు హైదరాబాద్ శివారులోని బాలాపూర్‌లో ఉంటున్నాయి. 2004 డిసెంబరు 3 తర్వాత మన గడ్డ మీద పుట్టినా, తల్లిదండ్రులలో ఒక్కరూ భారత పౌరులు కానప్పుడు ఆ బిడ్డకు పుట్టుకతో పౌరసత్వం రాదు. జనన ధ్రువపత్రమూ పౌరసత్వం ఇవ్వదు. కానీ ఆ బిడ్డను ఎవరైనా పెళ్లి పేరుతోనో పని పేరుతోనో ఎత్తుకుపోతే, ఆమె మైనరని రుజువు చేయడానికి అదే గట్టి ఆధారం. రోహింగ్యాలను వెనక్కి పంపడాన్ని ఆపడానికి నిరాకరించిన 2021 నాటి ఉత్తర్వులో కూడా సుప్రీంకోర్టు, సమానత్వం గురించిన 14వ అధికరణమూ, 21వ అధికరణమూ పౌరులు కానివారికీ వర్తిస్తాయని చెప్పింది. ధ్రువపత్రం ఇస్తే పౌరసత్వం ఇచ్చినట్టవుతుందేమోనని జంకే అధికారులకు అలా కాదని ఓపికగా వివరించాలి.

కేసు నమోదైన తర్వాత ఇంకొక చిక్కు ఉంది. బట్టీ సీజన్ మే నెలతోనో జూన్‌తోనో ముగుస్తుంది, కుటుంబం రైలెక్కుతుంది, సాక్షి లేని కేసు ఇక్కడ మిగులుతుంది. ప్రత్యేక కోర్టు కేసును స్వీకరించిన 30 రోజుల్లో బిడ్డ సాక్ష్యం నమోదు చేయాలని పోక్సో 35వ సెక్షన్ చెబుతుంది. అవసరమైనచోట అనువాదకుని సాయం తీసుకోవచ్చని 26, 38 సెక్షన్లు చెబుతాయి. ఈ మూడింటినీ కలిపి మొదటి రోజే అడగకపోతే ఫలితం ఉండదు. ఎఫ్‌ఐఆర్ నమోదైనప్పటి నుంచే మధ్యంతర పరిహారం కోరవచ్చు; ఆ దరఖాస్తుతో పాటే బిడ్డ పేరిట బ్యాంకు ఖాతా తెరిపించే బాధ్యత కూడా ఎవరో ఒకరికి అప్పగించాలి, లేదంటే మంజూరైన డబ్బు కూడా చేతికి అందదు.

బట్టీలు మళ్లీ వెలిగేలోగా నేను కోరేది ఒక్కటే. మండలంలోని ప్రతి బట్టీ పేరునూ ఆ పంచాయతీ కార్యదర్శికీ, ఆశా కార్యకర్తకూ ముందే ఇవ్వాలి. కూలీలు దిగిన వారంలోనే వారిద్దరూ కలిసి వెళ్లి, గర్భిణుల పేర్లు, పుట్టుక నమోదు కాని పిల్లల పేర్లు రాసుకోవాలి. వెంట ఒడియా తెలిసిన మనిషి ఉండాలి. మేస్త్రిని అనువాదకుడిగా పెట్టుకోకూడదు.