తాతమ్మ నిర్ణయాలు

హ్యూస్టన్‌లో పెరుగుతున్న మా పిల్లలకు దివిసీమలోని తాతమ్మ చాలాకాలం ఫోన్‌లో దీవించే పెద్దావిడగానే తెలుసు. ఆదివారం వీడియో కాల్‌లో "అన్నం తిన్నారా" అని ఆమె అడగడం, వీళ్లు నమస్కారం పెట్టడం, అంతటితో మాట ముగియడం మామూలైపోయింది. పరాయి దేశంలో ఉన్న మనం పెద్దలకు మొక్కడం పిల్లలకు నేర్పుతాం గాని, ఆ పెద్దలు ఏ కష్టంలో ఏ నిర్ణయం తీసుకున్నారో చెప్పం. తొంభై దాటిన మా నాయనమ్మ బతుకులో ఆమె వయసు కన్నా ఆ నిర్ణయాలే ఎక్కువ గౌరవించదగినవని నేను నమ్ముతాను.

2024 జులైలో బెరిల్ తుఫానుకు మా ఇంట్లో రోజుల తరబడి కరెంటు లేదు. ఆ అవస్థంతా మా అమ్మాయి చెప్పుకుంటుంటే నాయనమ్మ అడిగిన మొదటి మాట, "మంచినీళ్లు ఎక్కడ పట్టుకున్నారే తల్లీ?" అని. ఆ ప్రశ్న వెనక 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఉంది. అధికారిక లెక్కల్లోనే దాదాపు 10,000 మందిని పొట్టనబెట్టుకున్న ఆ రాత్రి తరువాత చెరువులూ బావులూ ఉప్పునీటితో, పశువుల కళేబరాలతో నిండిపోగా, సాయం అందేదాకా కూలిన చెట్ల కొబ్బరిబొండాలతోనే పిల్లల దాహం తీర్చానని ఆమె చెప్పింది.

కోతకొచ్చిన చేలు సముద్రం పాలయ్యాయి. ఇంట్లో మగవాళ్లు ఊరు వదిలి పోదామన్నారట. ఆమె మాత్రం గుడివాడ వైపున్న పుట్టింటికి వెళ్లి విత్తనపు వడ్లు తెచ్చింది. సార్వాకు, అంటే వానాకాలపు వరి పంటకు, ముందు చేలకు కాలువ నీరు పెట్టించి, కొన్నాళ్లు నిలవబెట్టి, తీయించి, మళ్లీ పెట్టించింది. ప్రతిసారీ చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని ఉప్పదనం చూసేదట. మా అమ్మాయి తనకొచ్చిన తెలుగులోనే, "ఉప్పు ఇంకా ఉందని వరికి ఎలా తెలుస్తుంది?" అని అడిగింది. "ఆకు కొసలు మాడతాయమ్మా" అంది నాయనమ్మ. ఆ సాయంత్రం వాళ్లిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. మధ్యలో నా అవసరం రాలేదు.

పొలం పంపకాల సంగతి నేనే చెప్పాను. హిందూ వారసత్వ చట్టానికి 1985 సెప్టెంబరు నుంచి అమలైన ఆంధ్రప్రదేశ్ సవరణ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది గాని, అప్పటికే పెళ్లయినవారిని వదిలేసింది. మా మేనత్తలిద్దరూ ఆ వదిలేసిన వారిలోనివారే. తాతయ్య పోయాక నాయనమ్మ, 1956 వారసత్వ చట్టం వల్ల భార్యగా తనకు సంక్రమించిన వాటాను వాళ్లిద్దరికీ దఖలు రాసి రిజిస్ట్రేషన్ చేయించింది. పసుపు కుంకుమ కింద ఎప్పుడో ఇచ్చాం కదా అని ఇంట్లోవాళ్లు వాదించినా ఆమె వెనక్కి తగ్గలేదు. చదువు పెద్దగా లేని ఒక పల్లెటూరి ఇల్లాలు చట్టం విడిచిన ఖాళీని తన వాటాతో పూడ్చిన ఈ సంగతి మా పిల్లలకు పండగల కన్నా ముందే తెలియాల్సింది.

అంతా విన్న మా అబ్బాయి, మా నాన్న నాకిచ్చిన పొలం గురించి, అందులో అక్కకూ సగమేనా అని అడిగాడు. సగమేనని చెప్పాను. అమెరికా పౌరులైన పిల్లలకు ఇండియాలోని వ్యవసాయ భూమిని దానంగా రాయడం కుదరదు గాని, వారసత్వంగా రావడానికి అడ్డు లేదు. అందుకే ఈ సంక్రాంతికి వెళ్లినప్పుడు ఇద్దరికీ సమంగా వీలునామా రాస్తాను. నాయనమ్మకు ముందు చదివి వినిపించి, ఆమె సరేనన్నాకే సంతకం పెడతాను.